వజ్రము దొరికినవాని వాటా

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



17వ శతాబ్దమున టావెర్నియర్ అను ఫ్రెంచి రత్నవర్తకుడు గోలకొండ రాజ్యమునకు పలుమారులు వచ్చి, ఈ దేశపు వజ్రపుగనులను స్వయముగా చూచి, చూచిన సంగతులను గ్రంథస్థము చేసెను. కృష్ణాతీరమునందలి కొల్లూరు గనిలో రమారమి 60,000 మంది పనిచేయుచుండిరని అతడు వ్రాసెను. మగవారు త్రవ్వుచుండగా స్త్రీలును, పిల్లలును మట్టిని మోయుచుండెడివారట. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు ముంపులో చేరినది.

టావెర్నియర్ వ్రాతలలో రాజుల మణులను గూర్చిన భాగములను చదువువారు పెక్కుమంది గలరు. గని కూలివారిని గూర్చి అతడు వ్రాసిన మాటలను చదువువారు తక్కువ. పనిలో ఆరితేరిన మనిషికి సైతము ఏడాదికి 3 వరహాలకు మించి కూలి ముట్టెడిది కాదట. అంత స్వల్పమైన కూలికి ఎండలో మ్రగ్గువాడు చేతికి తగిలిన రాయిని దాచుకొనక యేమి చేయును? కొందరు మ్రింగివేయుచుండిరి. ఒకడు కంటికొనలో దాచి పట్టుబడెను. అందుచేత 50 మంది కూలీలకు 12 మందినో 15 మందినో కావలివారిని వర్తకులు పెట్టుకొనవలసి వచ్చెను. పెద్ద రాయిని తెచ్చి యిచ్చిన కూలివానికి తలపాగాగుడ్డయు, కొంచెము రొక్కమును బహుమానముగా లభించెడివి. రాజునకు ప్రతి కొనుగోలు మీదను నూటికి 2 వంతులు చేరుచుండెను. కావలివాండ్రకు వెచ్చించిన సొమ్ములో సగమైనను కూలికి కలిపియుండినచో అంతమంది కావలివాండ్రతో పనియే కలిగియుండదు. ఈ లెక్క ఆనాటి వర్తకులకు తట్టలేదు. నేటి ప్రభుత్వములకును తరచుగా తట్టుట లేదు.

అదే గ్రంథములో మరియొక ముచ్చట గలదు. గనియూరి నడుమ పెద్దచెట్టు క్రింద ప్రతి ఉదయమును వర్తకుల పిల్లలు, పదియేండ్లవారు మొదలు పదునారేండ్లవారి వరకు, త్రాసును, వరహాల సంచియు దగ్గర నుంచుకొని కూర్చుండెడివారు. ఎవరైన రాయి తెచ్చినచో పెద్దవాని చేతి కిచ్చెడివారు. ఆ రాయి ఒకరి చేతినుండి మరియొకరి చేతికి మాటలేకుండ సాగి తిరిగి పెద్దవాని చేతికి వచ్చెడిది. అప్పుడు బేరము. సాయంకాలమున కొన్న రాళ్ళను పెద్ద వర్తకుల కమ్మి లాభమును పంచుకొనెడివారు. పిల్లల యాట వలె కనబడినను, అది పట్టపగలు పదిమంది కన్నుల యెదుట సాగిన అంగడి. ఈ ఉపన్యాస విషయమునకు ఆ చెట్టు క్రింది అంగడి మిక్కిలి దగ్గర చుట్టము.

ఇక నేటి సంగతి. కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర ప్రాంతములందును, అనంతపురము జిల్లాలో వజ్రకరూరు పరిసరములందును తొలకరి వాన కురిసినంతనే వజ్రాల వేట ఆరంభమగును. అశోకుని శాసనములు గల ఎఱ్ఱగుడికి సమీపమందలి నేలలివి. వాన పైమట్టిని కడిగివేయగా రాళ్ళు బయటపడును. దూరపు ఊళ్ళనుండి కుటుంబములతో వచ్చి, చెట్ల క్రిందను, గుడి మండపములలోను విడిసి, ప్రొద్దు పొడిచినది మొదలు క్రుంకువరకు తలవంచుకొని చేలలో నడచుచుందురు. పార లేదు, పలుగు లేదు. కన్నులే పనిముట్లు. వందలమంది రిక్తహస్తములతో తిరిగిపోవుదురు. ఏ ఒక్కరికో దొరకును. దొరికినది పత్రికలకెక్కును. మరునాడు మరి రెండువందల మంది వచ్చుదురు.

దొరికిన తరువాత ఏమగునో కొంచెము నిదానించి చూడవలయును. రాయి దొరికినవాడు దానిని బహిరంగముగా చూపలేడు. చూపినచో చేను గలవాడు నాదనును, తోటివాడు నేనే ముందు చూచితి ననును, అధికారులు వచ్చి స్వాధీనము చేసికొందురేమో యను భయము వేరు. అట్టివానికి దళారి యొక్కడే దిక్కు. దళారి రాత్రివేళ వచ్చి రాయిని చూచి, ఒక వెల చెప్పి, అప్పటికప్పుడు రొక్కమో, రొక్కముతోపాటు కొంత బంగారమో యిచ్చి తీసికొనిపోవును. రాయి పది లక్షలు చేయునదని యనుకొందము. రెండవవానికి చూపి వెల అడుగు వీలు లేనివాడు మూడు లక్షలకే సంతోషించును. మోసపోయితి నని తరువాత తెలిసినను ఎవరితో చెప్పుకొనును? చెప్పుకొన్నచో తన నేరమునే ముందు చెప్పుకొనవలెను. ఇక రాయి రశీదు లేకుండ ఊరు దాటును. ప్రభుత్వమునకు రాయల్టీ లేదు. ఊరి రోడ్డుకు పైసా లేదు. 2015 నాటి చట్టసవరణ ననుసరించి గనులున్న ప్రాంతముల మేలుకొరకు జిల్లా ఖనిజ నిధు లేర్పడినవి. లెక్కలోనికి రాని రాయి ఆ నిధికి ఒక దమ్మిడీ యైనను చేర్చదు.

ఇదంతయు వారి దొంగబుద్ధి వలన జరుగుచున్నదని కొందరు పెద్దమనుష్యు లందురు. ఆ మాట తేలికగా అనదగినది కాదు. 1957 నాటి గనులు, ఖనిజముల చట్టము ప్రకారము లైసెన్సుగాని, లీజుగాని లేనిదే ఎవరును ఖనిజాన్వేషణము చేయరాదు. 2015 తరువాత ఆ లీజులు వేలమునందు పాడుకొనవలసినవి. పెద్ద కంపెనీలకు తగిన ఏర్పాటది. వానకాలములో నెలదినములు చేలో నడచి ఒక రాయి యేరుకొను కూలిమనిషి ఆ వేలములో నెట్లు నిలుచును? ఏనుగు దూరుటకు పెట్టిన వాకిలి తలుపును చీమ త్రోయలేదు.

ఈ కష్టము ఒక్క రాయలసీమది మాత్రమే కాదు. లోకమందలి 80 దేశములలో 4 కోట్ల 40 లక్షలకు పైగా జనులు చేతిపనిముట్లతోను, చిన్న యంత్రములతోను ఖనిజములు త్రవ్వి జీవించుచున్నారని ప్రపంచబ్యాంకు 2020లో ప్రకటించిన అంచనా. బంగారము, వజ్రములు, రంగురాళ్ళు, అభ్రకము, ఇసుక, కట్టుడురాయి యన్నియు ఇందు చేరును. వీరిలో అధికసంఖ్యాకులకు లైసెన్సు లేదు. లైసెన్సు లేనివానికి బ్యాంకు అప్పీయదు, భీమా యుండదు, గొయ్యి కూలి మరణించినచో వాని భార్యకు పరిహారము రాదు. బంగారము త్రవ్వువారి బాధ మరియు ఘోరము. పిండిచేసిన రాతిలో పాదరసము కలిపి, ముద్దచేసి, ఆ ముద్దను మంటపై కాల్చుదురు. పాదరసము ఆవిరియై పోగా బంగారము మిగులును. ఆ ఆవిరిని పొయ్యి దగ్గర కూర్చున్న తల్లియు, ఆమె ఒడిలోని బిడ్డయు పీల్చుదురు. మనుష్యుల పనుల వలన గాలిలో కలియు పాదరసములో మూడింట ఒక వంతుకు పైగా ఇట్టి చిన్న బంగారుపనుల నుండియే వచ్చుచున్నది. 2013లో కుదిరి 2017లో అమలునకు వచ్చిన మినమాతా ఒడంబడిక, ఈ పని విరివిగా సాగు దేశములను ఒక ప్రణాళిక వ్రాయుమని కోరినది. ఆ ప్రణాళికలో ఈ పనివారిని చట్టము నీడలోనికి తెచ్చు మార్గములను గూడ చూపవలెనని నియమము. చాటున కాల్చువానికి మంచి పొయ్యి యిచ్చుట యెట్లు? ముందు వాడు బయటికి రావలెను గదా.

అయితే చట్టము చేసినంతమాత్రమున వాడు బయటికి వచ్చునా? ఆఫ్రికాఖండమందలి ఘనా దేశము 1989లోనే చిన్న బంగారుగనుల చట్టమును చేసినది. దేశీయులకు 25 ఎకరములకు మించని భూమిలో లైసెన్సు ఇత్తుమని అందున్నది. చట్టము మంచిదే. కాని దరఖాస్తు రాజధానివరకు పోవలెను, రుసుములు కట్టవలెను, నెలల తరబడి వేచియుండవలెను. నెల వేచిన కూలివాని పిల్లలు ఏమి తిందురు? అందుచేత ఎక్కువమంది లైసెన్సు లేకుండనే త్రవ్విరి. పోగుచేసి యమ్ముట యను అర్థముగల ఆంగ్లపు మాటలు అక్కడి నాలుకలపై అరిగి ‘గాలమ్సే’ యను పేరైనది. నదులు బురదయైనవి. 2017లో ప్రభుత్వము లైసెన్సున్నవారిని, లేనివారిని కూడ కలిపి చిన్నగనుల నన్నిటిని నిషేధించి, 2018 డిసెంబరులో ఆ నిషేధమును తొలగించెను. లైసెన్సు తీసికొని బుద్ధిగా పనిచేసినవాడుకూడ ఆ ఏడాదిన్నర పైచిలుకు ఖాళీగా కూర్చుండెను. చట్టమును నమ్మినవానికి దక్కిన ఫలమిది!

దీనికి భిన్నమైన ఏర్పాటు మన దేశమందే యున్నది. మధ్యప్రదేశములోని పన్నా జిల్లాలో వజ్రముల నేల గలదు. అచ్చట యంత్రములతో నడచు పెద్దగని యొకటి యుండగా, దానికి వేరుగా ‘ఉథలీ’ యను లోతులేని చిన్న గనులు వందలకొలది యున్నవి. పన్నా పట్టణములో వజ్రకార్యాలయ మను ప్రభుత్వపు కచ్చేరి గలదు. ఎవడైనను అక్కడ దరఖాస్తు పెట్టి, చలానా కట్టినచో, 8 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల భూమికి ఏడాది పట్టా యిత్తురు. ఇటీవలి సంవత్సరములలో ఆ రుసుము 200 రూపాయలు. ఇది రెండుమూడు కూళ్ళు మానివేయకయే కట్టగల సొమ్ము. సొంత భూమి కానిచో భూస్వామి సమ్మతి పుచ్చుకొనవలెను.

పట్టాదారు కుటుంబముతో పనికి దిగును. పైమట్టి తీసి, క్రింద కంకరపొర తగులువరకు త్రవ్వి, ఆ కంకరను నీటిలో కడిగి, ఎండబెట్టి, నేలపై పలుచగా పరచి, చేతితో తడవి చూచుకొందురు. దొరికిన రాయిని కచ్చేరికి కొనిపోవలెను. అక్కడి పారఖీ రాయిని తూచి, నాణ్యమును చూచి, పుస్తకములో వ్రాసి రశీదు ఇచ్చును. అట్లు చేరిన రాళ్ళను కొన్ని నెలల కొకసారి వేలము వేయుదురు. సూరతు మొదలగు చోట్లనుండి వర్తకులు వచ్చి పాడుదురు. వచ్చిన ధరలో నూటికి సుమారు 12 వంతుల రాయల్టీయు, ఆదాయపు పన్నును మినహాయించి తక్కినదెల్ల దొరికినవానికే చెల్లించెదరు. గోలకొండ కూలివానికి తలపాగాగుడ్డ. పన్నా కూలివానికి నూటికి 85కు పైగా.

2018లో ఒక కూలివానికి 42 క్యారట్లకు పైబడిన రాయి దొరికెను. ఆ యేడు వేలములో అది రెండున్నర కోట్ల రూపాయలకు పైగా పలికినది. 2024 జూలైలో మరియొక కూలికి 19.22 క్యారట్ల రాయి దొరికినది. వీరు తమ పేర్లతో, తమ ఫొటోలతో, పత్రికలవారి యెదుట నవ్వుచు నిలిచిరి. జొన్నగిరి చేలో రాయి దొరికినవాడు అట్లు నిలువగలడా? ఈ భేదమునే గ్రహింపవలయును. నేల ఒకటే, రాయి ఒకటే, దేశచట్టము గూడ ఒకటే. ఒకచోట రాయిని దింపుకొను బల్ల యున్నది, వేరొకచోట లేదు.

పన్నాను స్వర్గముగా వర్ణించుట తగదు. వేలము వరకు ఆగలేక, రాయిని చాటుగా అమ్ముకొనువారు అచ్చటను గలరు. రాయి కచ్చేరిలో చేరి నెలలు గడచినను, వేలములో తగిన పాట రాక నిలిచిపోవుట కలదు. అప్పులవాడు వాకిట కూర్చున్న పేదవానికి మూడు నెలల తరువాత వచ్చు పదిలక్షలకంటె నేటి రాత్రి వచ్చు మూడులక్షలు ముద్దుగా తోచును. అడవియు, పులుల అభయారణ్యమును పన్నా జిల్లాలో విస్తరించియుండుటచే త్రవ్వుటకు వీలగు నేల తగ్గినది. అదే జిల్లాలోని రాతిగనులలో దుమ్ము పీల్చి సిలికోసిస్ అను ఊపిరితిత్తుల రోగమున నశించిన కూలీల కథ వేరుగా నున్నది. అయినను రాయి దొరికినవాడు దొంగ కాడను మాటను ఆ కచ్చేరి దినదినమును నిలబెట్టుచున్నది. అది సామాన్యమైన పని కాదు.

పన్నా పొరపాటులలో కొన్నిటికి మందు తూర్పు ఆఫ్రికాలోని టాంజానియాలో కనబడును. అచ్చటి మిరెరాని కొండలలో టాంజనైట్ అను నీలిరాయి దొరకును. 1967లో బయల్పడిన ఈ రాయి లోకములో మరెక్కడను త్రవ్వబడుట లేదు. చాలకాలము అది దొంగదారిని సరిహద్దు దాటిపోయెను. ప్రభుత్వము సైన్యముచేత ఆ గనుల చుట్టును 24 కిలోమీటర్ల గోడను కట్టించి 2018లో ముగించెను. గోడ యన్నది గోలకొండ కావలివాండ్ర వంటిదే. ప్రభుత్వ మంతటితో ఆగక 2019లో చిన్నగనులవారిపై నున్న నూటికి 18 వంతుల విలువ ఆధారిత పన్నును, నూటికి 5 వంతుల ఆదాయపు కోతను తొలగించి, గనులున్న ప్రాంతములలో ఖనిజపు అంగళ్ళను తెరచెను. రాయల్టీయు, పరీక్షా రుసుమును కలిపి నూటికి 7 వంతులు మాత్రము మిగిలినవి. అంగడిలో త్రాసు, పరీక్షకుడు, కొనుగోలుదారు, పన్ను గుమాస్తా ఒక్క కప్పు క్రిందనే యుందురు. ఉదయము తెచ్చినవాడు వ్రాతపని ముగించుకొని సొమ్ముతో మరలిపోవచ్చును. అటుపిమ్మట చిన్నగనుల వలన ఖజానాకు వచ్చు ఆదాయము పెరిగినది. పన్ను తగ్గింపగా రాబడి హెచ్చెను.

2020 జూన్ నెలలో అక్కడ లైసెన్సుగల ఒక చిన్నగని యజమాని, పశువులమందలు గల మసాయి తెగవాడు, 9.27 కిలోలు, 5.1 కిలోలు తూగు రెండు టాంజనైట్ రాళ్ళను ప్రభుత్వమునకు అమ్మి 774 కోట్ల షిల్లింగులు, అనగా సుమారు 33 లక్షల డాలర్లు పుచ్చుకొనెను. ఊరిలో బడి కట్టింతునని ఆయన అప్పుడే చెప్పెను. రెండు నెలలు గడువక మునుపే 6.3 కిలోల మూడవ రాయి దొరికినది. దానినిగూడ ఆయన ప్రభుత్వమునకే అమ్మెను.

ఇక అభ్రకము సంగతి కొద్దిగా. నెల్లూరుసీమలోని గూడూరు ప్రాంతపు అభ్రకమునకు, నేటి ఝార్ఖండులోని కోడర్మా, గిరిడీ ప్రాంతపు అభ్రకమునకు ఒకప్పుడు లోకమందంతటను గిరాకి యుండెను. 1980 నాటి అటవీసంరక్షణ చట్టము వచ్చిన పిదప ఝార్ఖండు అడవులలోని లీజులు పెక్కు ఆగిపోయినవి. గనులు మూతపడినవి గాని ఆకలి మూతపడలేదు. పాతగనుల గుట్టలలో మిగిలిన ‘ఢిబ్రా’ యను తునుకలను స్త్రీలును, పిల్లలును ఏరి అమ్ముకొన నారంభించిరి. గొయ్యి కూలి ప్రాణములు పోయినపుడు, నేరము బయటపడునను భయముచే శవమును నిశ్శబ్దముగా సాగనంపిన సందర్భములు పత్రికలలో వెలువడినవి. ఆ అభ్రకమే ఎగుమతి రేవు చేరునప్పటికి కాగితములతో పెద్దమనిషియై రంగులలోను, ముఖాలంకరణ వస్తువులలోను మెరయును. చట్టబద్ధ మనునది వ్యాపారపు పైకొసకే యుండి క్రిందికొసకు లేకున్న నిట్లే యగును. ముడివజ్రములకు 2003 నుండి కింబర్లీ ధ్రువపత్ర మను అంతర్జాతీయ నియమము గలదు. అదికూడ దేశపు సరిహద్దుకడనే కన్నులు తెరచును. చేనిగట్టు మీద ఏమి జరిగినదో అది చూడదు.

జొన్నగిరి ప్రాంతమునకు ఏమి కావలెను? పన్నా వంటి శాశ్వతమైన పెద్ద కచ్చేరి వెంటనే కాకపోయినను, తొలకరి మొదలు వానలు వెనుకబట్టు వరకు ఆ మండలములలో ఒక బల్లయు, త్రాసును, తెలిసిన పారఖీయు ఉండిన చాలును. రాయి తెచ్చినవానిని ఎక్కడిది, ఎట్లు వచ్చినదని గద్దింపరాదు. రశీదు తెలుగులో నుండవలెను. అన్నిటికంటె ముఖ్యము, వేలము కాకముందే పారఖీ కట్టిన వెలలో కొంత భాగము బయానాగా చేతికీయవలెను. ఆ బయానా లేనిచో దళారిదే గెలుపు. ఆడుకూలికి దొరికినచో రశీదు ఆమె పేరనే వ్రాయవలెను, వెంట వచ్చిన మగవాని పేర కాదు.

చేనుగల రైతు సంగతి మరువరాదు. విత్తనము చల్లిన చేలను వందలమంది త్రొక్కుచుండగా అతడు కర్ర పుచ్చుకొని గట్టుమీద నిలుచుటలో తప్పులేదు. అతనికి ధరలో ఒక వంతు ముందుగా నియమించి, విత్తిన చేలలో వెదకరాదని గడువు పెట్టినచో తగవులలో చాల భాగము తీరును. ఆ వంతు ఎంతయన్నది ఊరివారు, రైతులు, వెదకువారు కూర్చుండి తేల్చుకొనవలసిన విషయము. హైదరాబాదునుండియో అమరావతినుండియో వ్రాసి పంపదగినది కాదు. ఇట్లు దారి తెరచినచో జనులు వ్యవసాయము మాని వజ్రములవెంట పడుదురని ఒక ఆక్షేపణ గలదు. వారిప్పుడును పడుచునే యున్నారు. దారి లేకపోవుటచే ఆగినవాడు ఒక్కడును కనబడడు. మోసపోవువారే కనబడుచున్నారు.

ఇందు గ్రంథాలయములు చేయదగిన చిన్నపని యొకటి గలదు. ఒక గ్రామునకు 5 క్యారట్లు. ఈ లెక్క తెలియనివాడు రాయిని దళారి త్రాసులో తూచుకొని దళారి చెప్పిన బరువునే నమ్మును. ఆ ప్రాంతపు గ్రంథాలయములలో నమ్మకమైన చిన్నత్రాసు ఒకటి యుంచవచ్చును. పన్నాలో గడచిన వేలమున ఎంత బరువుగల రాయి, ఏ నాణ్యముగలది, ఏ ధరకు పోయినదో తెలుగులో వ్రాసి, వార్తాపత్రికల బల్లకు ఎదురుగా గోడపై అంటించవచ్చును. చదువురానివారికి సాయంకాలమున ఎవరైన చదివి వినిపింపవచ్చును. ఆ రాత్రి దళారి వచ్చి వెల చెప్పినపుడు, దానిని గోడమీది అంకెతో సరిచూచుకొను అవకాశము రాయి దొరికినవానికి కలుగును.